చేతితో చేసిన భూకంపలేఖిని: దాని సాక్ష్యం ఎంతవరకు నమ్మదగినది?

2014 మే 21వ తేదీ రాత్రి పది గంటలు కావడానికి కొద్ది నిమిషాల ముందు శ్రీకాకుళంలో నేను అద్దెకున్న మేడగదిలో గోడకు తగిలించిన క్యాలెండరు తనంతట తాను ఊగసాగింది. గాలి లేదు. చేతిలోని పుస్తకం మూసి లేచి నిలుచుంటే కాలికింది నేల పడవలో నిలుచున్నట్లు తోచింది. అది కొన్ని క్షణాల ముచ్చట. క్రిందికి దిగేసరికి వీధి వీధంతా బయటనే ఉన్నది. ఎదురింటి ముసలమ్మ నన్ను చూసి, "ఏటి బాబూ, భూమి అలగ ఊగీసింది, మళ్లీ వస్తాదేటి?" అని అడిగింది. ఎం.ఏ. చదివినవాడు కనుక నాకు తెలిసి ఉంటుందని ఆమె నమ్మకం. నాకు తెలియలేదు. ఆ రాత్రి ఒంటిగంటకు ఇంతకన్న పెద్దది వస్తుందని ఎవరో చెప్పగా ఎవరో విన్న మాట వీధిలో పుట్టి, తెల్లవారే వరకు ఎవరినీ ఇళ్లలోకి పోనీయలేదు.

ఆ భూకంపం బంగాళాఖాతం అడుగున, మనకు తూర్పుగా సుమారు 430 కిలోమీటర్ల దూరాన, దాదాపు 50 కిలోమీటర్ల లోతున పుట్టినదని, దాని పరిమాణం 6.0 అని మరునాడు తెలిసింది. చెన్నై మొదలుకొని కలకత్తా వరకు తీరమంతా దానిని ఎరిగింది. ఇంత దూరపు వణుకును గోడమీది క్యాలెండరు చెప్పగలిగినపుడు, మనం చేతితో చేసుకున్న ఒక యంత్రం చెప్పలేదా అనే ప్రశ్న ఆనాటినుండి నా మనస్సులో ఉన్నది. తెలుగు పంతులుకు భూకంపాలతో పనేమిటని మిత్రులు పరిహసించవచ్చును. గడచిన విద్యాసంవత్సరంలో మన కళాశాలలో జరిగిన ఒక సంగతి ఆ పనిని నాకు అంటగట్టింది.

సంగతి చాలమందికి తెలిసినదే. డిగ్రీ విద్యార్థులు ముగ్గురు ఒక పాత ఇనుప చట్రం, తలుపు బందు, తీగ, ఇటుకంత బరువు, ఒక అయస్కాంతం, రాగి తీగచుట్ట సంపాదించి భూకంపలేఖినిని నిర్మించారు. భౌతికశాస్త్ర ప్రయోగశాల ప్రక్కగదిలో మూల దానిని నిలిపి కంప్యూటరుకు కలిపారు. దాని భాగాలకు తెలుగు పేర్లు కావాలని నా వద్దకు వచ్చినందువలన ఆ పనిలో నాకూ కొంత భాగం లభించింది. పుష్యమాసపు చలిలో ఒక రాత్రి యంత్రపు గీత తెర ఈ అంచునుండి ఆ అంచువరకు ఊగింది. ఒక కుర్రవాడు ఆ తెరను ఫోటో తీసి, భూకంపం వచ్చినదని సెల్‌ఫోనులో నలుగురికి పంపాడు. ఆ నలుగురు నలభైమందికి పంపారు. రెండు వీధులవారు చంటిబిడ్డలతో సహా ఆ రాత్రి మంచులోనే పడుకున్నారు. ఉబ్బసంతో బాధపడే ఒక పెద్దావిడను తెల్లవారుజామున ఆసుపత్రికి చేర్చవలసి వచ్చింది. దైవం మేలు చేసి ఆమె కోలుకొన్నది. మరునాడు చూడగా జాతీయ భూకంప కేంద్రం జాబితాలో ఆ రాత్రి మన ప్రాంతాన ఏ కంపమూ లేదు. కమిటీవారు యంత్రాన్ని కొట్టుగదికి పంపించారు. వారి కోపం న్యాయమైనదే. కాని యంత్రం అబద్ధమాడిందా, దానిని చదివినవారు తప్పు చదివారా అనే విచారణ జరుగలేదు. ఈ వ్యాసం ఆ విచారణ.

మొదట, మన ప్రాంతానికి ఈ యంత్రంతో అవసరమున్నదా? 2002లో సవరించిన భూకంప మండలాల పటంలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు రెండవ మండలంలో, అనగా అన్నిటికన్న తక్కువ అపాయం గల భాగంలో ఉన్నవి. తక్కువ అనగా లేదని కాదు. 1917 ఏప్రిల్ 17న విజయనగరం ప్రాంతాన 5.5 పరిమాణం గల కంపం పుట్టినట్లు పట్టికలలో నమోదై ఉన్నది. 1967 మార్చి 27న ఒంగోలు, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం కంపించాయి. 2024 డిసెంబరు 4న ఉదయం ఏడున్నర ప్రాంతాన ములుగు వద్ద పుట్టిన 5.3 పరిమాణపు కంపం హైదరాబాదునుండి కోస్తా జిల్లాలవరకు తెలిసింది. స్థిరమైన శిలాభూమి అని అందరూ నమ్మిన లాతూరు ప్రాంతంలో 1993 సెప్టెంబరు 30న వేలమంది మరణించిన సంగతి మరువరానిది. సముద్రం మాట వేరు. 1881 డిసెంబరు 31న కార్ నికోబార్ వద్ద వచ్చిన పెద్ద భూకంపం వలన పుట్టిన సునామీ అలలను ఆనాటి విశాఖపట్నం రేవులోని పోటుపాట్ల కొలత యంత్రం సైతం గీసింది. 2004 డిసెంబరు 26న ఉదయం 6 గంటల 29 నిమిషాలకు సుమత్రా వద్ద భూమి పగిలినపుడు దాని తొలి తరంగాలు మన నేలక్రిందికి నాలుగైదు నిమిషాలలోనే చేరాయి. సముద్రపు అల విశాఖకు చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఈ రెంటి నడుమనున్న వ్యవధి ఎంత విలువైనదో కళింగపట్నం, బారువ తీరాల బెస్తవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆ వ్యవధిని కాపాడుకొనుటకే 2007నుండి హైదరాబాదులో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తున్నది.

ప్రభుత్వ కేంద్రాలుండగా ఔత్సాహికులు ఎందుకు అని కొందరు అడుగుతారు. ఈ శాస్త్రం చాలవరకు ఔత్సాహికుల పెరళ్లలోనే పెరిగినదని వారికి మనవి. జపానులో పనిచేసి 1895లో స్వదేశానికి మరలిన జాన్ మిల్న్ ఇంగ్లండు దక్షిణాన వైట్ ద్వీపంలో తన ఇంటి ఆవరణలోనే యంత్రాలు నిలిపాడు. ప్రపంచంలోని పలు కేంద్రాలనుండి కొలతలు తపాలా ద్వారా ఆ ఇంటికే చేరేవి. అతని యంత్రాలే 1898-99 ప్రాంతాల్లో కలకత్తాలోని అలీపూరుకు, బొంబాయికి, కొడైకనాలుకు వచ్చి భారతదేశంలో ఈ శాస్త్రానికి నాంది పలికాయి. మన ప్రాంతానికి వస్తే, విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో తన స్వంత ధనంతో నక్షత్రశాలను నెలకొల్పాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు సర్కారు ఉద్యోగం వదలి దానిని నడిపి, 1874నాటి శుక్రగ్రహణాన్ని పరిశీలించాడు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా నక్షత్రశాల కూడ ఒక ఔత్సాహికుని కోరికనుండి పుట్టినదే. బేగంపేటలో ఆ నక్షత్రశాలవారు తరువాత భూకంపలేఖినిని సైతం నడిపారు. ఇంకా వెనుకకు పోతే, పదునైదవ శతాబ్దంలో కైరో నగరపు పండితుడు జలాలుద్దీన్ సుయూతీ తనవరకు తెలిసిన భూకంపాలన్నిటిని సంవత్సరాలవారీగా ఒక గ్రంథంలో కూర్చాడు. మన ఉర్దూ విద్యార్థులు జల్జలా అని పిలిచే మాటే ఆ గ్రంథం పేరులో ఉన్నది. ఆయన వద్ద యంత్రమేమీ లేదు. విన్నదానిని తేదీతో వ్రాసిపెట్టే ఓపిక ఉన్నది. నేటి శాస్త్రజ్ఞులు ప్రాచీన భూకంపాలను గుర్తించడానికి ఆ గ్రంథాన్ని ఇప్పటికీ తిరగవేస్తున్నారు.

ఇక యంత్రం సంగతి. భూమి కదిలినపుడు దానిమీదనున్న సమస్తమూ కదులుతుంది. కదలిక కొలవడానికి కదలని వస్తువొకటి కావాలి. ఇందులోని చిక్కంతా ఇదే. త్రాటికి బరువు కట్టి వ్రేలాడదీస్తే, పైకొక్కెం హఠాత్తుగా జరిగినా బరువు తన జడత్వం వలన కొంతసేపు ఉన్నచోటనే ఉంటుంది. ఆ తేడాయే మనకు కావలసిన కొలత. అయితే దూరపు భూకంపాలనుండి వచ్చే తరంగాలు నెమ్మదిగా, పది ఇరువది సెకన్లకు ఒకమారు ఊగుతాయి. అంత నెమ్మది ఊపునకు లోలకం తానూ భూమితోపాటు కదలిపోతుంది, తేడా మిగలదు. తేడా మిగలాలంటే లోలకపు సొంత ఊపు కూడ అంత నెమ్మదిగా ఉండాలి. పన్నెండు సెకన్లకు ఒకసారి ఊగే మామూలు లోలకానికి దాదాపు 36 మీటర్ల త్రాడు కావాలి. ఇరువది సెకన్లకైతే సుమారు 100 మీటర్లు. అంత ఎత్తైన కట్టడం మన ఊళ్లలో ఎక్కడిది?

దీనికి ఉపాయం మన పల్లెల దొడ్డితలుపులో ఉన్నది. గేటు స్తంభం నిట్టనిలువుగా ఉంటే తలుపు ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. స్తంభం ఒక ప్రక్కకు బాగా ఒరిగితే తలుపు ఆ ప్రక్కకు జోరుగా వచ్చి కొట్టుకుంటుంది. వెంట్రుకవాసి మాత్రమే ఒరిగితే, తలుపు సోమరిగా అటు పోయి, సోమరిగా ఇటు వచ్చి, చాలసేపటికి గాని నిలువదు. ఆ సోమరితనమే మనకు కావలసినది. అడ్డంగా అమర్చిన దూలం కొనకు బరువు కట్టి, దాని ఇరుసును ఒక్క డిగ్రీకి కాస్త తక్కువగా ఒరిగిస్తే, ఆరవైసెంటీమీటర్ల దూలమే 36 మీటర్ల లోలకంవలె పన్నెండు సెకన్లకు ఒకసారి ఊగుతుంది. దీనిని క్షితిజ లోలకం అంటారు. 1889లో జర్మనీలోని పాట్స్‌డామ్‌లో రెబ్యూర్ పాష్విట్జ్ అనే యువకుడు నేల వాలును కొలవడానికి పెట్టిన ఇటువంటి లోలకమే జపానులో వచ్చిన భూకంపాన్ని పట్టుకొన్నది. భూగోళపు ఒక కొస వణికితే మరొక కొసన తెలుసుకోవచ్చునని మానవుడు మొదటిసారి గ్రహించినది ఆ గీతతోనే. అమెరికాలో జేమ్స్ లేమన్ అనే ఆచార్యుడు ఇంట్లో చేసుకొనదగిన నమూనా ఒకటి తయారుచేయగా, 1979 జూలైలో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక దానిని వర్ణించింది. మన విద్యార్థులు చేసినది ఆ జాతి యంత్రమే.

ఒరిగించిన ఆ ఒక్క డిగ్రీలోనే యంత్రపు బలమూ ఉన్నది, బలహీనతా ఉన్నది. నేల ప్రక్కకు ఏ కాస్త వాలినా దూలం దానికి అరవై రెట్లు తిరుగుతుంది. ఒక మనిషి వచ్చి ప్రక్కన నిలుచుంటే గచ్చు కంటికి తెలియని మేరకు క్రుంగుతుంది. దూలానికి ఆ క్రుంగుబాటు పెద్ద వార్త. గోడమీద ఎండ పడితే గోడ ఒక ప్రక్క వేడెక్కి వంగుతుంది, అదీ వార్తయే. దూలానికి సాలెపురుగు గూడు అల్లితే, ఫ్యాను గాలి తగిలితే, పెట్టెమూత సరిగా పడకపోతే, ఇవన్నీ వార్తలే.

ఇపుడు ఆనాటి రాత్రి గీతను చూద్దాము. ఆ గీత ప్రతిని నేను విద్యార్థులతో కూర్చొని స్కేలు పెట్టి కొలిచాను. దాదాపు ఎనిమిది నిమిషాలలో నలభై ఊపులు. ప్రతి ఊపు పన్నెండు సెకన్లు, ముందుదానికన్న వెనుకది రవంత చిన్నది. భూకంపం ఇలా వ్రాయదు. భూకంపంలో మొదట ప్రాథమిక తరంగాలు చిన్నగా వస్తాయి. కొంత ఎడం తరువాత గౌణ తరంగాలు పెద్దగా వస్తాయి. దూరపుదైతే చివర భూతలం వెంబడి ప్రాకే తరంగాలు వస్తాయి. వాటిలో నిడుపైనవి ముందు, పొట్టివి వెనుక. మన గీతలో మొదటి ఊపే అన్నిటికన్న పెద్దది. తొలి ఊపునకు, కడపటి ఊపునకు కాలంలో తేడా లేదు. ఆ పన్నెండు సెకన్లు భూమివి కావు, మన దూలానివి. ఎవరో ఒక్కసారి త్రోశారు. త్రోసినవారు వెళ్లిపోయిన తరువాత దూలం తన పేరు తానే నలభైసార్లు వ్రాసుకొన్నది. విచారించగా, మరునాటి సభకోసం కుర్చీలు తెచ్చిన మనుష్యులు ఆ గది గోడకు వాటిని దొంతరలుగా చేరవేశారని తేలింది.

కనుక యంత్రం అబద్ధమాడలేదు. ఒక్క నిజాన్ని నలభైసార్లు చెప్పింది. గుడిగంటను ఒక్కసారి కొట్టితే చాలసేపు మ్రోగుతుంది. మ్రోత ఎంతసేపున్నదో చూసి ఎన్నిసార్లు కొట్టారో చెప్పలేము. గంటను చేతితో పట్టుకొని కొట్టితే ఒక్క చప్పుడు వచ్చి ఆగుతుంది. భూకంపలేఖినికి ఆ పట్టుకొనే చేయి అవసరం. దానిని అవరోధకం అందాము. బలమైన రెండు అయస్కాంతాల నడుమ రాగి లేక అల్యూమినియం పలక కదిలేటట్లు అమర్చితే, పలకలో పుట్టే సుడి విద్యుత్ప్రవాహాలు దాని కదలికను అడ్డగిస్తాయి. దూలం ఎంత వేగంగా కదిలితే అంత గట్టిగా అడ్డగిస్తాయి, నిలిచి ఉన్నపుడు తాకనైనా తాకవు. నూనె గిన్నెలో రేకు ముంచి కూడ ఈ పని చేయవచ్చును గాని, మన ఎండాకాలంలో నూనె పలుచబడి, చలికాలంలో చిక్కబడి కొలత మారిపోతుంది. అయస్కాంతమే మేలు. సరిపోయినదీ లేనిదీ తెలుసుకొనుటకు పరీక్ష అతి సులభం. దూలాన్ని ఒక ప్రక్కకు జరిపి వదలండి. నడిమి స్థానాన్ని దాటి అవతలకు కొద్దిగా, జరిపిన దూరంలో ఇరువదవ వంతు పాటి మాత్రమే పోయి, తిరిగి వచ్చి నిలిస్తే అది చదువదగిన యంత్రం. పదిసార్లు ఊగితే అది బొమ్మ. ఇంట చేసిన యంత్రాలలో బొమ్మలే ఎక్కువ. బరువు, తీగ, తలుపు బందు కంటికి కనిపిస్తాయి కనుక వాటిమీదనే శ్రద్ధ అంతా పోతుంది. ఈ ఒక్క పలక లేకపోవడం ఎవరికీ కనిపించదు.

తరువాతిది విద్యుత్తు భాగం. దూలానికి కట్టిన తీగచుట్ట అయస్కాంతం ప్రక్కన కదిలినపుడు పుట్టే విద్యుత్పీడనం వోల్టులో లక్షల వంతులలో ఉంటుంది. దానిని వేలరెట్లు పెంచి, అంకెలుగా మార్చి కంప్యూటరుకు ఇస్తాము. పెంచేటపుడు నిజముతోపాటు గోడలోని కరెంటు తీగల యాభై ఆవర్తనాల హోరు, పెంచే పరికరం తనలో తాను చేసే గుసగుస కూడ పెరుగుతాయి. ఇందులో ఏది నేలనుండి వచ్చినది, ఏది పెట్టెలో పుట్టినది? ఇందుకు ఒక ముచ్చటైన పరీక్ష ఉన్నది. దూలం కదలకుండ ఒక చీల బిగించి, మిగిలిన యంత్రాన్ని యథాప్రకారం ఒక రాత్రి నడిపించాలి. అపుడు కూడ తెరమీద కనిపించే ప్రతి గీతా యంత్రపు కట్టుకథయే. దానిని కొలిచి పెట్టుకొని, మరునాడు చీల తీసిన తరువాత అంతకన్న చిన్న గీతను దేనినీ నమ్మకూడదు. మన విద్యార్థులు ఈ పరీక్ష చేసినపుడు వారు అంతకుముందు మూడు "చిన్న కంపాలు" అని నోటుపుస్తకంలో వ్రాసుకొన్నవి తుడిచివేయవలసి వచ్చింది. వారి ముఖాలు చిన్నబోయినవి గాని, నాకు మాత్రం ఆ పూట వారిమీద గౌరవం పెరిగింది.

గడియారం సంగతి చెప్పక తప్పదు. ప్రాథమిక తరంగాలు రాతిలో సెకనుకు ఆరేడు కిలోమీటర్లకు తక్కువ కాకుండ నడుస్తాయి. గడియారం రోజుకు అర సెకను చొప్పున తప్పితే నెలకు పదిహేను సెకన్లు. అనగా లెక్కలో నూరు కిలోమీటర్ల తప్పు, శ్రీకాకుళాన్ని తీసుకొనిపోయి విశాఖపట్నంలో పెట్టినంత పని. ఉపగ్రహాలనుండి గాని, అంతర్జాలంనుండి గాని కాలాన్ని తీసుకొనే వసతి ఇపుడు చవుకగా దొరుకుతున్నది కనుక ఈ తప్పునకు క్షమాపణ లేదు. గడియారంతో పనిలేని కొలత ఒకటి ఉన్నది. ప్రాథమిక తరంగానికి, గౌణ తరంగానికి నడుమ గడచిన సెకన్లను ఎనిమిదితో గుణిస్తే దగ్గరి భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరాన పుట్టినదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. దూరం తెలుస్తుంది గాని దిక్కు తెలియదు. దిక్కు తెలియడానికి వేర్వేరు ఊళ్లలో కనీసం మూడు యంత్రాలు కావాలి. శ్రీకాకుళంలో ఒకటి, విజయనగరంలో ఒకటి, పార్వతీపురంలో ఒకటి ఉన్నాయనుకోండి, అపుడు మూడు కళాశాలల కుర్రవాళ్లు కాగితంమీద మూడు వృత్తాలు గీసి అవి కలిసే చోటు వెతకవచ్చును.

యంత్రం ఎంత మంచిదైనా చోటు మంచిది కాకపోతే వ్యర్థం. నాగావళి ఒడ్డున ఇసుక, ఒండ్రు మేటవేసిన నేల దూరపు వణుకును పెద్దది చేసి చూపుతుంది, దగ్గరి సందడిని కూడ పెద్దది చేస్తుంది. తూర్పుకనుమల ఖొండలైట్ రాతిమీద నిలిపిన యంత్రం నిదానంగా మాట్లాడుతుంది. హౌరా-చెన్నై రైలుమార్గం ఈ జిల్లాలను పొడవునా కోసుకొని పోతున్నది. గూడ్సుబండి ఆమదాలవలస దాటుతుంటే దాని బరువు దూరాన ఉన్న యంత్రానికి సైతం తెలుస్తుంది. టెక్కలి వైపు నల్లరాతి క్వారీలలో మందుపాతరలు పేలుస్తారు. ఆ పేలుడు చిన్న భూకంపాన్ని చాలవరకు పోలినదే గాని, అందులో గౌణ తరంగం బలహీనం. పైగా అవి పగటిపూట, పనివేళల్లోనే వస్తాయి. ఒక నెల గీతలను గంటలవారీగా లెక్కపెడితే, ఆదివారంనాడు విశ్రాంతి తీసుకొనే "భూకంపాలు" ఎన్నో తేలిపోతుంది.

అన్నిటికన్న పెద్ద సందడి మన సముద్రానిది. ఎదురెదురుగా వచ్చే అలలు కలుసుకొన్నచోట సముద్రపు అడుగుమీద వత్తిడి లయబద్ధంగా పెరిగి తగ్గుతుంది. దానివలన ఐదారు సెకన్లకొకసారి సన్నని వణుకు నేలలో రేయింబవళ్లు సాగుతూనే ఉంటుంది. దీనిని సూక్ష్మకంపం అంటారు. మనవంటి తీరప్రాంతంలో చిన్న దూరపు భూకంపాలు ఈ హోరులో మునిగిపోతాయి. దీనిని దోషమని కొట్టివేయరాదు. బొంబాయిలోని కొలాబాలో పనిచేసిన సుధాంశుకుమార్ బెనర్జీ భారత సముద్రాలలోని తుఫానులకు, ఈ సూక్ష్మకంపాలకు గల సంబంధాన్ని పరిశోధించి 1930లో రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. ఆకాశంలో ఉపగ్రహాలు లేని ఆ రోజుల్లో, నడిసముద్రపు వాయుగుండం నేలగదిలోని లోలకానికి ముందుగా తెలియడమనేది ఎంతటి విశేషం! 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినపుడు మన వద్ద ఇటువంటి యంత్రం ఉండి ఉంటే, ఒకటి రెండు రోజుల ముందునుండే దాని గీత లావెక్కడం చూసేవారము. మన ప్రాంతపు విద్యార్థులకు భూకంపాలకన్న ఈ తుఫాను గీతలే ఎక్కువ పాఠం చెబుతాయని నా అభిప్రాయం. భూకంపానికి ఏళ్లతరబడి ఎదురుచూడవలెను, బంగాళాఖాతం ప్రతి సంవత్సరం వచ్చి పరీక్ష పెడుతుంది.

కడపటి పరీక్ష సాక్షుల ముఖాముఖి. ఒకే తీరున చేసిన రెండు యంత్రాలను ఒకే గచ్చుమీద ప్రక్కప్రక్కన పెట్టి, ఒకే దిక్కుకు త్రిప్పి నడిపించాలి. రెండూ కలిసి చెప్పినది నేల మాట. ఒకటి చెప్పి, మరొకటి చెప్పనిది ఆ యంత్రపు సొంత మాట. రెండవది చేయలేనివారు తమ గీతను హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఆవరణలో ఉన్న అంతర్జాతీయ కేంద్రపు గీతతో పోల్చుకొనవచ్చును. ఆ కేంద్రపు వివరాలు లోకంలో ఎవరైనా తీసుకొనగలిగేటట్లు ఉంచారు. ఏడు దాటిన పెద్ద భూకంపం ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఏడాదికి పదిపదిహేనుసార్లు వస్తూనే ఉంటుంది. వాటిలో సగమైనా మన గీతలో సరైన నిమిషానికి కనిపిస్తే యంత్రం బ్రతికి ఉన్నట్లు. నేడు జేబులోని ఫోనులో సైతం కంపాన్ని పసిగట్టే ఉపకరణం ఉన్నది. అది గట్టి ఊపును మాత్రమే ఎరుగును, సుమత్రానుండి వచ్చే సన్నని తరంగం దానికి వినబడదు.

ఇక ముసలమ్మ ప్రశ్నకు జవాబు. మళ్లీ వస్తుందా అనే ప్రశ్నకు మన కొట్టుగదిలోని యంత్రమే కాదు, కోట్ల విలువగల యంత్రాలు కూడ జవాబు చెప్పలేవు. ఏ ఊరిలో, ఏ తేదీన, ఎంత పెద్ద భూకంపం వస్తుందో ముందుగా చెప్పే విద్య ఇంతవరకు ఎవరికీ పట్టుబడలేదు. ఒంటిగంటకు వస్తుందని గంట పేర్కొని చెప్పినవాడు ఎవడైనా అసత్యవాదియే. ఆ మాట ధైర్యంగా వీధిలో చెప్పగలవాడు ఆ రాత్రి ఒక్కడున్నా చాలును. ఈ యంత్రాన్ని చేతులతో చేసి, దానిచేత నాలుగుసార్లు మోసపోయి, మోసాన్ని స్కేలు పెట్టి కొలిచిన కుర్రవాడు అటువంటివాడు కాగలడు. నేను కాలేకపోయాను.

అందువలన కమిటీ పెద్దలకు నా విన్నపం ఇది. గ్రంథాలయం వెనుక నేలమీది గదిలో మూడడుగుల చదరం గచ్చు పగులగొట్టి, క్రింది గట్టినేలనుండి ఒక సిమెంటు దిమ్మె కట్టించి, దానికీ గదిగచ్చుకూ నడుమ రెండంగుళాల సందు వదలిపెట్టించవలెను. అపుడు గదిలో ఎవరు నడిచినా దిమ్మెకు తెలియదు. గది తాళం ఒక్క అధ్యాపకుని వద్దనే ఉండవలెను. ఒక లావుపాటి నోటుపుస్తకంలో ప్రతి గీతకు తేదీ, సమయం, కారణం వ్రాయవలెను. కారణం తెలియనిచోట తెలియదని వ్రాయవలెను. జాతీయ కేంద్రం ప్రకటించక ముందు ఒక్క మాట, ఒక్క ఫోటో బయటకు పంపిన విద్యార్థి ఆ ఏడాది ఆ గదిలో అడుగుపెట్టరాదు. ఈ చివరి షరతును విద్యార్థులే వ్రాసి, ముగ్గురూ సంతకాలు చేసి నాకిచ్చారు.

యంత్రం కొట్టుగదిలోనే ఉన్నది. కుర్రవాళ్లు పాత అల్యూమినియం బోర్డు ముక్క ఒకటి కోసి, రెండు అయస్కాంతాలు సంపాదించి, మొన్న శుక్రవారం మధ్యాహ్నం నమాజు తరువాత నన్ను పిలిచారు. ఒకడు దూలాన్ని రెండంగుళాలు ప్రక్కకు జరిపి వదిలాడు. అది మెల్లగా నడిమికి వచ్చి, గీటుకు అవతల వడ్లగింజ మందం దాటి, వెనుకకు వచ్చి నిలిచిపోయింది. "మళ్లీ చూడండి మాస్టారూ" అని వాడు రెండవసారి జరిపాడు. మళ్లీ అంతే.